పెట్రోల్ పుస్తకం

మొన్న శనివారం పొద్దున్న మియాపూర్ దగ్గర బంక్‌లో ఫుల్ ట్యాంక్ కొట్టించి, బండి పక్కకి తీసి, డాష్‌బోర్డ్ అరలోంచి పుస్తకం తీసి రాసుకుంటున్నా, గాలి కొట్టే అబ్బాయి కిటికీ దగ్గరికొచ్చి "ఏం రాస్తున్నరు మేడమ్" అన్నాడు. చూపించా. మీటర్ రీడింగ్ 61,842. కిందటిసారి 61,418. అంటే 424 కిలోమీటర్లు తిరిగింది, పట్టింది 30.6 లీటర్లు. ఆ అబ్బాయి ఫోన్‌లో భాగించి "పద్నాలుగు కూడా వస్తలేదా, ఈ బండికి ఇరవై వస్తది అంటరు గదా" అన్నాడు. వెనకాల ఇంకో రెండు బళ్లు గాలి కోసం ఆగి ఉన్నాయి కాబట్టి అక్కడ చెప్పడం కుదర్లేదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ముందే ఒక మాట. ఈ లెక్కలన్నింటికీ హైదరాబాద్‌లో 2024 మార్చిలో రేటు తగ్గాక వచ్చిన 107 రూపాయల 41 పైసలే తీసుకుంటున్నా. మీ ఊళ్లో ఇవాళ ఎంతుందో అది పెట్టుకుని వేసుకోండి, పద్ధతి మారదు.

ఈ పుస్తకం అలవాటు నాకు నాన్న దగ్గర్నుంచి వచ్చింది. మాది కాకినాడ. నాన్నకి బజాజ్ చేతక్ ఉండేది, దాని సీటు కింద ముందువైపు పెట్రోల్ ట్యాప్ ఉంటుంది, ఆన్, ఆఫ్, రిజర్వ్ అని. బండి వెళ్తూ వెళ్తూ ఒక్కసారి గునిసినట్టు అయ్యి ఆగబోతుంటే నాన్న కిందకి వంగి ట్యాప్ రిజర్వ్‌కి తిప్పి, వెంటనే రోడ్డు పక్కన ఆపి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రీడింగ్ రాసుకునేవారు. తర్వాత బంక్‌కి వెళ్లి సరిగ్గా 5 లీటర్లు, దానికి తగ్గ టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజన్లకి పెట్రోల్‌లో కలిపే ఆయిలు) కొట్టించి ట్యాప్ మళ్లీ ఆన్‌కి తిప్పేవారు. మళ్లీ ఎప్పుడు గునిస్తే అప్పుడు మళ్లీ రీడింగ్. రిజర్వ్ పడేటప్పుడు ట్యాంక్‌లో మట్టం ప్రతిసారీ ఒకటే కాబట్టి ఆ రెండు రీడింగుల మధ్య ఖర్చయింది సరిగ్గా ఆ 5 లీటర్లే. 205 కిలోమీటర్లు వస్తే 41. ఏ రోజైనా 180కి పడిపోతే మర్నాడు పొద్దున్నే స్పార్క్ ప్లగ్ విప్పి గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చునేవారు. చిన్నప్పుడు నాకు ఇదంతా నాన్న పిసినారితనం అనిపించేది, కానీ ఆయన డాక్టరు దగ్గర జ్వరం చూపించుకున్నట్టు బండికి జ్వరం చూస్తున్నారని నేను సొంతంగా బండి నడపడం మొదలుపెట్టాకే అర్థమైంది.

కార్లకి ఆ ట్యాప్ ఉండదు, అందుకని ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ పద్ధతి. చాలామంది 500కో 1000కో కొట్టించి, ముల్లు ఎక్కడుందో చూసి "పదిహేను వస్తోంది" అనేస్తారు, దాంట్లో ఏమీ తెలీదు, ఆ ముల్లు పైసగం నెమ్మదిగా దిగి కిందసగం గబగబా దిగిపోతుంది చాలా బళ్లలో. ట్యాంక్ నింపాలి, రీడింగ్ రాయాలి, తిరగాలి, మళ్లీ నింపాలి, రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీరు తాగించింది. నింపేటప్పుడు గన్ టక్కుమని ఆగిందా, అక్కడితో ఆపెయ్యమనండి. బంక్ కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండుసార్లు నొక్కుతాడు, అలా ఒకసారి నొక్కి ఒకసారి నొక్కకపోతే ఒక లీటర్ దాకా అటూ ఇటూ అయిపోతుంది. 30 లీటర్లలో ఒక లీటర్ అంటే 3 శాతం పైనే, 14 కాస్తా 14 న్నర అవుతుంది, మనం ఏదో కొత్త ఆయిల్ వేయించాం కాబట్టి పెరిగింది అనుకుంటాం. వీలైతే అదే బంక్, అదే పంపు. టూవీలర్ అయితే సెంటర్ స్టాండ్ మీద పెట్టి నింపించాలి, వాలుగా ఉంటే లెక్క తేడా వస్తుంది.

ఇంకోటి, ఒక్క ట్యాంక్ చూసి ఏమీ అనుకోవద్దు. నాలుగైదు ట్యాంకులు రాయండి, తర్వాత మొత్తం కిలోమీటర్లని మొత్తం లీటర్లతో భాగించండి. మైలేజీల్ని కూడి సగటు తీయకూడదు. ఈ తప్పు నేను రెండేళ్లు చేశా. ఒక 400 కిలోమీటర్లు హైవే మీద 20 వచ్చింది, ఇంకో 400 సిటీలో 12 వచ్చింది అనుకోండి, సగటు 16 అనేస్తాం కదా, కాదు, మొదటిదానికి 20 లీటర్లు, రెండోదానికి 33 చిల్లర, మొత్తం 53 చిల్లర లీటర్లకి 800 కిలోమీటర్లు, అంటే 15. తక్కువ మైలేజ్ వచ్చినప్పుడే ఎక్కువ పెట్రోల్ తాగుతుంది కాబట్టి లెక్క ఎప్పుడూ అటువైపే వాలుతుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. లీటర్‌కి ఎన్ని కిలోమీటర్లు అన్న అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఇది నాకు మా మావయ్య దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. మావయ్యకి రెండు లారీలున్నాయి. లారీలవాళ్లు మైలేజ్ అనరు, యావరేజ్ అంటారు. ఒకరోజు ఫోన్‌లో డ్రైవర్‌తో "నాలుగున్నర వచ్చిందా, నిజంగానే వచ్చిందా" అని తెగ సంబరపడిపోతున్నాడు. నాలుగు నుంచి నాలుగున్నరకి ఇంత సంబరమేంటి మావయ్యా, నా కారుకి 18 నుంచి 20 వచ్చినా నేను ఇంత ఎగరను అన్నాను. "అమ్మాయ్, కాయితం తీసుకో" అన్నాడు. లారీ నెలకి 8,000 కిలోమీటర్లు తిరుగుతుంది. 4 చొప్పున 2,000 లీటర్లు. 4.5 చొప్పున 1,778 లీటర్లు. 222 లీటర్లు మిగిలాయి, డీజిల్ 97 వేసుకున్నా నెలకి 21,500 రూపాయలు, ఒక్క లారీకి. నా కారు నెలకి 1,000 కిలోమీటర్లు, 18 అయితే 55.6 లీటర్లు, 20 అయితే 50 లీటర్లు, తేడా ఐదున్నర లీటర్లు, ఆరొందలు. తిరిగే దూరం ఎనిమిది రెట్లు కాబట్టి అంత తేడా అనుకుంటారేమో, నేనూ అదే అన్నా, అప్పుడు ఇద్దరికీ 1,000 కిలోమీటర్లే వేసి చూపించాడు. లారీకి అర కిలోమీటర్ పెరిగితే దాదాపు 28 లీటర్లు మిగిలాయి, నా కారుకి రెండు కిలోమీటర్లు పెరిగితే ఐదున్నర.

అంటే తక్కువ మైలేజ్ బండికి కొంచెం పెరిగినా డబ్బు బోలెడు మిగులుతుంది, ఎక్కువ మైలేజ్ బండికి ఎంత పెరిగినా చేతికి తగిలేది కొంచెమే. ఇంట్లో ఒక పాత పెద్ద బండి 9 ఇస్తూ, ఒక స్కూటీ 45 ఇస్తూ ఉంటే మనం స్కూటీకి 50 ఎలా తెప్పించాలా అని యూట్యూబ్‌లో చూస్తాం. 1,000 కిలోమీటర్లకి స్కూటీ 45 నుంచి 50కి వెళ్తే మిగిలేది 2.2 లీటర్లు. పెద్ద బండి 9 నుంచి 10కి వెళ్తే 11 లీటర్లు. టైర్లలో గాలి చూసుకోవాల్సింది ముందు దేనికో ఇప్పుడు చెప్పండి.

యూరప్‌లో వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చెప్పేది ఇందుకే నచ్చుతుంది నాకు, ఆ అంకెల్ని నేరుగా కూడొచ్చు, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యొచ్చు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు తన కారు 30 ఇస్తుందని చెప్తే ఒకసారి మేమంతా కుళ్లుకున్నాం, అది గ్యాలన్‌కి మైళ్లు, మన లెక్కలో పన్నెండు ముప్పావు. 0.425తో గుణిస్తే సరిపోతుంది, అమెరికాలో ఉన్న చుట్టాలతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. కానీ అక్కడ కొత్త కారు అద్దానికి అంటించే కాగితం మీద గ్యాలన్‌కి ఎన్ని మైళ్లతో పాటు 100 మైళ్లకి ఎన్ని గ్యాలన్లు, ఏడాదికి ఇంధనం ఖర్చు ఎంత అవ్వచ్చో కూడా వేస్తారు. మన షోరూముల్లో అది ఒక్కటి పెట్టినా ఎంత బావుండేదో.

నేను మాత్రం కిలోమీటర్‌కి ఎంత పడిందో రాసుకుంటున్నా. పైన చెప్పిన ట్యాంక్‌కి 3,287 రూపాయలు అయ్యింది, 424తో భాగిస్తే 7 రూపాయల 75 పైసలు. పుస్తకంలో ఆఖరి గడి ఇదే. ఆఫీసుకి వెళ్లి రావడం 28 కిలోమీటర్లు, అంటే రోజుకి 217 రూపాయలు, ఒక్క పెట్రోల్‌కే. పక్క బ్లాక్‌లో ఉండే కొలీగ్‌తో కలిసి ఒక వారం నా కారు, ఒక వారం ఆవిడ కారు అని మొదలుపెట్టింది ఈ అంకె చూశాకే, 14 అన్న అంకె చూసినన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదు. ఏ డ్రైవింగ్ చిట్కాతోనూ ఖర్చు సగం అవ్వదు, ఇది అయ్యింది.

సరే, గాలి కొట్టే అబ్బాయి అడిగినదానికి వస్తా. ఇరవై ఎక్కడికి పోయింది?

ఆ ఇరవై చిల్లర అబద్ధం కాదు, రోడ్డు మీద అంకె కాదంతే. మన దేశంలో కొత్త మోడల్‌ని పుణేలో ఉన్న ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో రోలర్ల మీద నడిపి కొలుస్తారు. బండి కదలదు, చక్రాలు మాత్రం రోలర్ల మీద తిరుగుతాయి. ఏ సెకనుకి ఎంత స్పీడ్‌లో ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా కాదు, గరిష్ఠంగా 90 స్పీడ్. ఏసీ వెయ్యరు. స్పీడ్ పెంచడం, తగ్గించడం అంతా మెత్తగా ఉంటుంది. తాగిన పెట్రోల్‌ని కూడా సీసా పెట్టి కొలవరు, పొగగొట్టంలోంచి వచ్చిన వాయువుల్లో కార్బన్ ఎంతుందో చూసి వెనక్కి లెక్కకడతారు, లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఆ లెక్క బాగానే కుదురుతుంది. అందులో జేఎన్‌టీయూ జంక్షన్ లేదు, మే నెల ఎండ లేదు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ లేదు, వెనక సీట్లో అత్తయ్య, డిక్కీలో బియ్యం బస్తా లేవు.

ఆ అంకె రెండు బళ్లని పోల్చుకోడానికి పనికొస్తుంది, ఎందుకంటే అన్నీ ఒకే పరీక్ష రాశాయి. మన ఖర్చు అంచనా వెయ్యడానికి పనికిరాదు. నా వరకు సిటీకి కంపెనీ అంకెలో మూడో వంతు తీసేస్తా, హైవేకి పదో వంతు తీసేస్తా, ఇప్పటిదాకా దగ్గర దగ్గరగా కుదిరింది. ఇంకో సంగతి, కారు మీటర్‌లో కనిపించే మైలేజ్ కూడా నమ్మి లెక్క వెయ్యకండి, ఆ 13.86 వచ్చిన ట్యాంక్‌కి మా కారు తెర మీద 14.9 అని చూపించింది. ప్రతి ట్యాంక్‌కీ అది ఇంచుమించు ఇంతే ఎక్కువ చెప్తోంది, కాబట్టి పెరిగిందా తగ్గిందా చూసుకోడానికి మాత్రం అది మంచిదే.

కిందటి సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు ఒక ప్రయోగం చేశా, మా ఆయన విసుక్కోకుండా సాయం చేశారు. మియాపూర్‌లో నింపి బయల్దేరాం, విజయవాడ, రాజమండ్రి మీదుగా దాదాపు 510 కిలోమీటర్లు, 80 దాటకుండా వెళ్లాం, కాకినాడలో నింపితే 18.9 వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు అదే నలుగురం, అదే సామాను (సామానంటే పిండివంటల డబ్బాలు ఎక్కువయ్యాయనుకోండి), రోడ్డు ఖాళీగా దొరికిన చోటల్లా 100లో వచ్చాం, 16.2 వచ్చింది. గాలి అడ్డుకునే బలం స్పీడ్‌తో పాటు పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది, 80 నుంచి 100కి వెళ్తే ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. 4.5 లీటర్లు ఎక్కువ తాగింది, 480 రూపాయలు, మిగిలిన టైమ్ నలభై నిమిషాలు. మధ్యలో టోల్ గేట్లు, ఊళ్లు, టీలు ఉంటాయి కాబట్టి 100లో వెళ్లినా అంతకంటే మిగల్లేదు. మర్నాడు పొద్దున్నే పిల్లకి పరీక్ష ఉంటే ఆ 480 ఇచ్చేస్తా, ఊరికే అయితే ఇవ్వను.

ఇప్పుడు అందరూ అడుగుతున్న ఈ-20 సంగతి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి లీటర్ పెట్రోల్‌లో ఉండేదానికంటే మూడో వంతు తక్కువ, అంటే 20 శాతం కలిపితే మొత్తం మీద ఆరు ఆరున్నర శాతం శక్తి తగ్గుతుంది, ఇది మామూలు లెక్క. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రిపోర్ట్‌లో కూడా పాత రకం కార్లకి 6 నుంచి 7 శాతం, టూవీలర్లకి 3 నుంచి 4 శాతం, ఈ-20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లకి 1 నుంచి 2 శాతం తగ్గొచ్చని రాశారు. మా కారు 2017ది. పుస్తకంలో 2022 సిటీ ట్యాంకులన్నీ కూడితే 14.8, ఇప్పుడు 13.9. ఆరు శాతం తగ్గుదల, సరిగ్గా సరిపోయింది కదా అనిపిస్తుంది, కానీ ఈలోపు కారు ముసలిదైంది, మా దారిలో ట్రాఫిక్ పెరిగింది, టైర్లు మార్చాం, కాబట్టి మొత్తం ఇథనాల్ మీదకే తోసెయ్యలేను. ఇథనాల్ తయారయ్యేది ఎక్కువగా చెరుకు, మొక్కజొన్నల నుంచి, ఆ రైతులకి మేలు జరిగితే నాకూ సంతోషమే, కానీ నేను కొంటున్నది లీటర్లు, నాకు కావాల్సింది కిలోమీటర్లు, లీటర్‌లో దూరం తగ్గినప్పుడు రేటులో కూడా ఆ మేరకి తగ్గాలి అన్నది నా గట్టి అభిప్రాయం.

బంక్ విషయాలు రెండు చెప్పేస్తా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుంది అంటారు, పెట్రోల్ ఒక డిగ్రీకి 0.1 శాతం చిల్లర వ్యాకోచిస్తుంది నిజమే, కానీ అది ఉండేది భూమిలో పాతిన ట్యాంక్‌లో, అక్కడ పొద్దునకీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా రాదు, దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు. కొలత మీద అనుమానం వస్తే మాత్రం అడగండి, ప్రతి బంక్‌లోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, మన ముందు పట్టి చూపించాలి, 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా వరకే ఒప్పుకుంటారు. నేను ఒకసారి అడిగా, మొదట మేనేజర్ మొహం అదోలా పెట్టాడు, తర్వాత పట్టి చూపించాడు, గీత మీదకే వచ్చింది. అక్కడే ఇప్పటికీ కొట్టిస్తున్నా.

ఇంట్లో ఆరు నెలల నుంచి నడుస్తున్న చర్చ ఇంకోటి. కారు అమ్మేసి ఎలక్ట్రిక్ తీసుకుందాం అని మా ఆయన. పక్కింటాయన "కిలోమీటర్‌కి అర్ధరూపాయి" అని చెప్పారట. కూర్చుని లెక్క వేశాం. మేం చూసిన బండికి గోడ సాకెట్ దగ్గర కొలిస్తే యూనిట్‌కి 6 కిలోమీటర్లు అనుకున్నాం, బ్యాటరీలోకి వెళ్లేలోపు పదో వంతు పైనే వేడిగా పోతుంది కాబట్టి తెర మీద చూపించే 7ని నమ్మలేదు. నెలకి 1,000 కిలోమీటర్లకి 167 యూనిట్లు. ఇప్పుడు కరెంట్ బిల్లు తీయండి. మా ఇంట్లో నెలకి 260 యూనిట్లు కాలుతుంది. చాలామంది మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి ఆరు రూపాయలు అనుకుంటారు. కానీ మన బిల్లు స్లాబుల్లో ఎక్కుతుంది, కారు యూనిట్లు వచ్చి కూర్చునేది పై మెట్ల మీద. మా తెలంగాణ బిల్లులో 300 దాకా 7 రూపాయల 70, ఆ పైన 400 దాకా 9, ఆ పైన తొమ్మిదిన్నర. 260 నుంచి 427కి వెళ్తే మొదటి 40 యూనిట్లకి 308, తర్వాత 100కి 900, మిగిలిన 27కి 256 చిల్లర, మొత్తం 1,465. కారు కరెంట్ యూనిట్ 8 రూపాయల 77 పైసలు పడింది. కిలోమీటర్‌కి రూపాయిన్నర. పక్కింటాయన చెప్పినదానికి మూడు రెట్లు, అయినా మా పెట్రోల్ ఖర్చులో ఐదో వంతే.

అయితే తీసేసుకోవాలా? నెలకి 1,000 కిలోమీటర్లకి మిగిలేది దాదాపు 6,300. మా కారు అమ్మితే మూడున్నర లక్షలు చెప్పారు, కొత్తది రోడ్డెక్కేసరికి 13 లక్షలు, తేడా తొమ్మిదిన్నర లక్షలు. 9 శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే ఈఎంఐ 19,700. 6,300 మిగుల్చుకోడానికి 19,700 కట్టాలి. అదే మాకు అసలు కారే లేదు, ఎలాగూ కొత్తది కొనాలి, అలాంటి పెట్రోల్ బండికీ దీనికీ 4 లక్షలు తేడా అనుకుంటే మాత్రం 63,000 కిలోమీటర్ల చిల్లరకి తేడా తిరిగొచ్చేస్తుంది, మాకు ఐదేళ్లు పైన పడుతుంది, నెలకి 2,500 తిరిగే వాళ్లకి రెండేళ్లు దాటగానే. బయట ఫాస్ట్ చార్జర్ మీదే ఆధారపడేవాళ్లకి యూనిట్ 20 దాకా పడుతుంది, వాళ్లకి ఈ లెక్క మళ్లీ మారిపోతుంది. ఎవరైనా "ఎలక్ట్రిక్ మంచిదా, పెట్రోల్ మంచిదా" అని అడిగితే నేను ముందు నెలకి ఎంత తిరుగుతారు, ఇంట్లో ప్లగ్ ఉందా అని అడుగుతున్నా. మా కారు మాత్రం ఇంకో మూడేళ్లు ఉంటుంది, మా ఆయన కూడా ఆ ఈఎంఐ అంకె చూశాక ఒప్పుకున్నారు.

సీఎన్‌జీ గురించి ఒక్క ముక్క. కేజీకి 26 ఇస్తుంది, పెట్రోల్ లీటర్‌కి 18 ఇస్తుంది, కాబట్టి సీఎన్‌జీ ఇంజన్ గొప్పది అనుకోకండి, కేజీకీ లీటర్‌కీ పోలిక లేదు, కేజీ సీఎన్‌జీలో ఉండే శక్తి దాదాపు లీటరున్నర పెట్రోల్‌తో సమానం. రెండింటినీ రూపాయల్లోకి మార్చాకే పక్కపక్కన పెట్టాలి. డీజిల్ లీటర్‌లో కూడా పెట్రోల్ కంటే పదో వంతు పైన శక్తి ఎక్కువ, డీజిల్ బండి మైలేజ్ ఎక్కువ కనిపించడంలో అదొక భాగం.

నాన్నతో ఒక లెక్క మిగిలింది. సంక్రాంతికి వెళ్లిన ప్రతిసారీ "యానాం వెళ్లి కొట్టించుకొద్దాం, చవక" అంటారు. గోదావరి జిల్లాలవాళ్లకి తెలిసిందే, యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ పన్ను తక్కువ. ఆంధ్రాలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటర్‌కి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు, తెలంగాణలో అయితే 35.2 శాతం. మేం చూసిన రోజు కాకినాడకీ యానాంకీ తేడా లీటర్‌కి 12 రూపాయలు. నేను నాన్న ముందు కాగితం పెట్టా. యానాం ఒకవైపు 30 కిలోమీటర్లు, వెళ్లి రావడం 60, కారుకి మూడున్నర లీటర్లు, 340 రూపాయలు. 30 లీటర్లు నింపితే 12 చొప్పున మిగిలేది 360. నికరంగా ఇరవై రూపాయలు, అదీ టైర్లు అరిగింది లెక్కలో వెయ్యకుండా. బైక్ మీద వెళ్లినా అంతే, 60 కిలోమీటర్లకి 115 అవుతుంది, పది లీటర్ల ట్యాంక్‌కి 120 మిగులుతుంది. పనిమీద ఎలాగూ యానాం వెళ్తుంటేనో, ఆ పక్క ఊళ్లోనే ఉంటేనో అది నిజంగా లాభం.

నాన్న కాగితం రెండుసార్లు చూశారు. లెక్క కరెక్టే అన్నారు. తర్వాత రోజు యానాంలో పిన్ని వాళ్లింట్లో భోజనాలు ఉన్నాయి, అందరం కార్లో వెళ్లాం, వచ్చేటప్పుడు బంక్ దగ్గర ఆపమన్నారు. గన్ టక్కుమనగానే "చాలు బాబూ, ఇంక నొక్కకు" అని నాకంటే ముందు ఆయనే అన్నారు. అరలోంచి పుస్తకం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, తారీఖు, రీడింగ్, లీటర్లు, రేటు రాసి, పక్కన బ్రాకెట్లో యానాం అని రాసి, ఆఖరి గడి దగ్గర ఆగి "ఇక్కడ ఏం రాస్తావు" అని అడిగారు. కిలోమీటర్‌కి ఎంత పడిందో అది నాన్నా, ఈ ట్యాంక్ అయిపోయాక రాస్తా అన్నాను. హైదరాబాద్ వచ్చి నింపాక రాశా, ఆరు రూపాయలు.